ట్రంకుపెట్టెలో ఆగిపోయిన సోలార్ వాచీ

మా నాన్న ఒడిశాలోని పర్లాకిమిడిలో పీఈటీగా, అంటే బడిలో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన మెడలో ఎప్పుడూ తాడుకి ఒక స్టాప్‌వాచ్ వేలాడేది, కీ ఇచ్చే రకం, గుండ్రంగా, బరువుగా ఉండేది. నేను విశాఖలో ఉద్యోగంలో చేరాక 2016లో ఆయనకి ఒక సోలార్ క్రోనోగ్రాఫ్, అంటే వెలుతురుతో నడిచే, స్టాప్‌వాచ్ ఉన్న చేతి వాచీ కొనిచ్చాను. సీకో వాచీ, లోపల ఉన్నది వి175 అనే మిషను. టైము చూసుకోవచ్చు, పక్క బటన్ నొక్కితే స్టాప్‌వాచ్ కూడా పరిగెడుతుంది, సెల్లు మార్చే పని లేదు. నాన్నకి ఇంతకంటే సరిపోయే వస్తువు నాకు దొరకలేదు.

రెండేళ్లు రోజూ పెట్టుకున్నారు. తర్వాత 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీద పడింది. ఇంట్లోకి నీళ్లు వస్తుంటే నాన్న పొలం పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు, ఈ వాచీ అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టేశారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పైకప్పు బాగు చేసుకోవాలి, తోటలో పడిపోయిన జీడిమామిడి చెట్లు తీయాలి. ఆ గొడవలో వాచీ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మళ్లీ ఎండాకాలంలో పెట్టె తెరిచేసరికి వాచీ ఆగిపోయి ఉంది.

ఈ మిషను పూర్తిగా చార్జ్ అయి ఉంటే చీకట్లో సుమారు ఆరు నెలలు నడుస్తుంది. ట్రంకుపెట్టెలో అంతకంటే ఎక్కువే ఉంది. అంటే వాచీ పాడవలేదు, లోపల దాచుకున్న కరెంటు అయిపోయింది, అంతే. నేను అప్పుడు ఊళ్లో ఉండి ఉంటే ఆ మాట చెప్పేవాడిని. నాన్న ఎప్పటిలాగే దగ్గర్లోని ఒక గడియారాల కొట్టుకి తీసుకెళ్లారు. ఆ మనిషి వెనక మూత తీసి, సెల్లు పోయిందని చెప్పి, మామూలు బటన్ సెల్ ఒకటి పెట్టి చూశాడట. నడవలేదు. మిషనే పోయింది, మార్చాలి, లేకపోతే వదిలేయండి అన్నాడట. పాత సెల్లు మళ్లీ లోపల పెట్టి మూత బిగించి ఇచ్చేశాడు. ఆ పాత సెల్లు పారేయనందుకు అతనికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను, కానీ చేసిన పని మాత్రం చాలా తప్పు. సోలార్ వాచీలో ఉండేది చార్జ్ అయ్యే ప్రత్యేకమైన సెల్లు. దాని చోట మామూలు సిల్వర్ ఆక్సైడ్ సెల్ పెట్టకూడదని కంపెనీ పుస్తకంలోనే గట్టిగా రాసి ఉంటుంది, వేడెక్కి పేలే ప్రమాదం ఉంది కాబట్టి.

దసరాకి ఇంటికెళ్తే నాన్న వాచీ నా చేతిలో పెట్టి, "పోయిందిరా, నీ డబ్బులు వృథా అయిపోయాయి" అన్నారు. ఆ మాటకి నాకు చాలా బాధేసింది. డాబా మీద అమ్మ వడియాలు ఆరబెట్టిన చీర అంచునే, పొద్దుటి ఎండలో, వాచీని ముఖం పైకి పెట్టి ఉంచాను.

"వాచీకి కూడా ఎండ కాయించాలేటి?" అని నాన్న నవ్వారు.

కాయించాలి. డయల్ కింద సోలార్ పలక ఉంటుంది, పైన కనబడే డయల్ వెలుతుర్ని కొంత లోపలికి వదిలేలా చేస్తారు. ఆ వెలుతురు కరెంటుగా మారి సెల్లులో చేరుతుంది. ఇక్కడ చాలామంది పొరబడేది ఏమిటంటే, గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతోంది కదా, చాలదా అనుకుంటారు. మన కంటికి గది బాగానే వెలుగ్గా కనిపిస్తుంది కానీ, మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) ఉంటే గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్ మాత్రమే. ఒక రోజు నడవడానికి కావలసిన చార్జ్ ఎండలో కొద్ది నిమిషాల్లో ఎక్కుతుంది, ట్యూబ్‌లైట్ కింద అయితే గంటలు పడుతుంది. అలాగని మండుటెండలో బండి ట్యాంకు మీదో కారు అద్దం వెనకో వదిలేయకండి, 60 డిగ్రీలు దాటితే మిషనుకి మంచిది కాదు. పొద్దున ఎండ చాలు. ఎక్కువ చార్జ్ అయిపోతుందేమోనన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, నిండాక ఆపేసే ఏర్పాటు లోపలే ఉంది.

కాసేపటికి కింది చిన్న వలయంలో సెకన్ల ముల్లు కదిలింది. కానీ రెండేసి సెకన్లకి ఒకసారి, రెండు గీతలు ఒక్కసారే దూకుతూ. నాన్న అది చూసి, "చూశావా, పాడైపోయింది" అన్నారు. అది పాడవడం కాదు, చార్జ్ తక్కువగా ఉందని వాచీ చెప్పే తీరు. ఆ స్థితిలో స్టాప్‌వాచ్ బటన్ నొక్కినా పనిచేయదు. నాకు ఈ మిషనులో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఉన్న కాస్త కరెంటునీ టైము నడపడానికి ఉంచుకుని, ఎక్కువ తినే స్టాప్‌వాచ్‌ని ముందు ఆపేస్తుంది. ఈ సంగతి తెలియక క్రోనోగ్రాఫ్ చెడిపోయిందని రిపేరుకి ఇచ్చేవాళ్లు ఎంతమందో.

కరెంటు సోలార్‌ది అయినా, లోపల టైము లెక్కపెట్టేది మామూలు క్వార్ట్జ్ మిషనే. దాని పని అందరికీ కొంత తెలిసే ఉంటుంది. చిన్న స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది, ఆ అంకెని సర్క్యూట్ 15 సార్లు సగం చేస్తూ పోతే సెకనుకి ఒక్క దెబ్బ మిగులుతుంది, దాంతో మోటారు ముల్లుని ఒక గీత జరుపుతుంది. స్టాప్‌వాచ్ పెద్ద ముల్లు మాత్రం సెకనుకి ఐదు అడుగులు వేస్తుంది, అందుకే 1/5 సెకను వరకు చూడొచ్చు. మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ 1969 డిసెంబరులో సీకో అమ్మింది, వెలుతురుతో నడిచే ముళ్ల వాచీని 1976లో సిటిజన్ తెచ్చింది. ఆ సిటిజన్ సాయంతోనే 1961లో మన హెచ్‌ఎంటీ వాచీలు మొదలయ్యాయి. నాన్న పెళ్లి వాచీ హెచ్‌ఎంటీయే. ఇది చెప్పాక ఈ వాచీ మీద ఆయనకి కాస్త నమ్మకం కుదిరింది.

నాలుగు పొద్దులు ఎండలో పెట్టాక సెకన్ల ముల్లు మామూలుగా ఒక్కొక్క గీతే నడిచింది. టైము సరిచేశాం. స్టాప్‌వాచ్ ముల్లు మాత్రం సున్నా దగ్గర ఆగకుండా రెండు గీతలు పక్కన ఆగింది. పూర్తిగా ఆగి మళ్లీ లేచిన మిషనులో అలా జరుగుతుంది, టైము తిప్పే కీని బయటికి లాగి పక్క బటన్లు నొక్కుతూ దాన్ని సున్నాకి తెచ్చుకోవచ్చు. మూత ఒకసారి తీశారు కాబట్టి విశాఖ తీసుకెళ్లి రబ్బరు రింగు మార్పించి, నీళ్లు దూరకుండా చూపించాను. అయిన ఖర్చంతా అంతే.

పీఈటీగా నాన్నకి దీనిమీద ఒక ఫిర్యాదు ఉంది, అది న్యాయమైనదే. వంద మీటర్ల పరుగుకి 1/5 సెకను చాలదు, చేత్తో కొలిచినా పదో వంతు వరకు కావాలి. ఎనిమిది వందలు, పదిహేను వందల మీటర్లకైతే హాయిగా సరిపోతుంది. ఇంకోటి, ఇది 60 నిమిషాల వరకే లెక్కపెడుతుంది.

ఇప్పుడు ఆయన దీన్ని ఎక్కువగా వాడేది రైల్లో. పర్లాకిమిడి నుంచి నౌపడ వెళ్లే దారి అది, 1900లో రాజావారు చిన్న రైలు వేయించిన లైను, ఇప్పుడు పెద్ద లైను అయింది. కిటికీ పక్కన కూర్చుని కిలోమీటరు రాయి రాగానే బటన్ నొక్కుతారు, తర్వాతి రాయి దగ్గర ఆపుతారు. డయల్ చుట్టూ ఉన్న ట్యాకీమీటర్ గీతలు 60 సెకన్లలోపు అయితేనే నేరుగా వేగం చూపిస్తాయి, 36 సెకన్లు పడితే గంటకి వంద కిలోమీటర్లన్నమాట. మా రైలు చాలాచోట్ల నిమిషం దాటేస్తుంది, అప్పుడు 3600ని సెకన్లతో భాగించుకోవాలి. ఆయన అది నోటిలెక్కలో చేస్తారు. మొన్న ఆదివారం ఫోన్ చేసి, "ఒరే, ఇవాళ 72 సెకన్లు, అంటే యాభై. చిన్నప్పుడు ఇదే దారిలో చిన్న రైలు దిగి పక్కన నడిచేవాళ్లం, తెలుసా?" అన్నారు. వాచీ ఎక్కడ పెడుతున్నారని అడిగాను. కిటికీ గూట్లో, తులసికోట వైపు, పొద్దున ఎండ అక్కడే పడుతుందట.