అమ్మ రామకోటి, నారాలో ఒక కాగితం

మా అమ్మ రామకోటి రాస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. పుస్తకాలు నిండాక గుడ్డలో కట్టి భద్రాచలం తీసుకెళ్లి, గుడిలో అప్పజెప్పి వస్తుంది. 2024 నవంబరులో ఇద్దరం జపాన్ వెళ్లినప్పుడు కూడా హ్యాండ్‌బ్యాగులో ఒక పుస్తకం, రెండు పెన్నులు పెట్టుకుంది.

వెళ్లే ముందు నేను చదివిన విషయాల్లో నాకు బాగా నచ్చింది గోషుయిన్. గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకున్నాక, అక్కడి కౌంటర్లో మన పుస్తకం ఇస్తే, కుంచెతో ఆ దేవుడి పేరో మందిరం పేరో రాసి, ఎర్ర ముద్రలు వేసి ఇస్తారు. ఇది ఎలా మొదలైందో చదివినప్పుడు అమ్మే గుర్తొచ్చింది. పూర్వం భక్తులు బౌద్ధ సూత్రాన్ని, అంటే బుద్ధుడి బోధల పాఠాన్ని, చేత్తో రాసి గుడికి సమర్పిస్తే, అందినట్టు గుడివాళ్లు ఇచ్చిన రసీదే ఈ ముద్ర. తర్వాతి కాలంలో రాసి ఇవ్వకపోయినా, దర్శనం చేసుకుంటే చాలన్నారు. అమ్మకు చెబితే, "అంటే మన రామకోటి లాంటిదేనా?" అంది. అవునమ్మా అన్నాను. ఆ రోజు నుంచి ఆమెకు కోటల మీదా షాపింగ్ మీదా ఉన్న ఆసక్తి సగం తగ్గిపోయింది.

మొదటి రోజే ఒక పొరపాటు చేశాను. ఒక గుడిలో నా మామూలు నోట్‌బుక్ ఇచ్చాను. కౌంటర్లో ఉన్న పెద్దావిడ రెండు చేతులతో వెనక్కి ఇచ్చి, తల వంచి, కుదరదన్నారు. దానికోసం ప్రత్యేకంగా గోషుయిన్‌చో అనే పుస్తకం ఉంటుంది. గట్టి అట్ట, లోపల ముందుకీ వెనక్కీ మడతలు మడతలుగా విప్పుకునే మందపాటి కాగితం. పెద్ద గుళ్లన్నింట్లో అమ్ముతారు. అక్కడే కొన్నాం.

ఆ తర్వాత అలవాటైంది. ముందు దర్శనం, తర్వాతే కౌంటర్. రాయాల్సిన పేజీ తెరిచి ఇవ్వాలి. చాలా చోట్ల 300 నుంచి 500 యెన్లు తీసుకుంటారు, చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోవడం మంచిది. సాయంత్రం నాలుగు దాటితే చాలా కౌంటర్లు మూసేస్తారు. రద్దీ ఎక్కువగా ఉంటే ముందే రాసిపెట్టిన కాగితం ఇస్తారు, ఇంటికొచ్చి అతికించుకోవాలి. క్యోటోలోని కియోమిజు గుడిలో మాకు రాసిచ్చిన మాటకు అర్థం 'మహాకరుణా మందిరం'. అక్కడి దేవత కన్నోన్ అంటే బౌద్ధంలో కరుణకు రూపమైన మన అవలోకితేశ్వరుడే. పక్కన తేదీ ఉంది కానీ 2024 అని లేదు, రేయ్‌వా 6వ సంవత్సరం అని ఉంది. చక్రవర్తి పాలనాకాలాన్ని బట్టి వాళ్ల లెక్క.

క్యోటోలోనే నిషి హొంగాన్‌జీకి వెళ్తే గోషుయిన్ ఇవ్వరని తెలిసింది. ఆ గుడి పాటించే జోదో షిన్‌షూ అనే బౌద్ధ సంప్రదాయంలో ఈ పద్ధతి లేదు. పుణ్యం కూడబెట్టుకోవడం మీద వాళ్లకు నమ్మకం లేదు, అమితాభ బుద్ధుడి దయ ఒక్కటే ఆధారం అంటారు. ఆ సంప్రదాయం కొలిచే ఏడుగురు గురువుల్లో మొదటివాడు ర్యూజు, అంటే మన ఆచార్య నాగార్జునుడు! ముద్ర దొరకలేదన్న బాధ లేకుండా అమ్మ ఆ ప్రాంగణంలో అరగంట కూర్చుంది.

హిమేజీ కోట కూడా చూశాం. 1609లో పూర్తయిన చెక్క కట్టడం. బూట్లు విప్పి సంచిలో వేసుకుని నిటారు మెట్లు ఎక్కాలి. అమ్మ మోకాళ్లకు రెండో అంతస్తే ఎక్కువైంది. నిషికి బజారులో కొన్నవి రెండు చాకులు, ఇంత టీ పొడి.

నేను చెప్పాలనుకున్నది అసలు నారాలోని యాకుషీ గుడి గురించి. క్యోటో నుంచి కింతెత్సు రైల్లో వెళ్లి, యమాతో సైదైజీలో మారి, నిషినోక్యో స్టేషన్లో దిగితే గుడి పక్కనే. ఇక్కడ సూత్రం రాసే మందిరం ఉంది. బంగారు మందిరం అని పిలిచే ఇక్కడి ప్రధాన మందిరం 1528లో కాలిపోతే, 1968లో తకాదా కోయిన్ అనే ప్రధాన పూజారి ఒక పని మొదలుపెట్టారు. ధనవంతుల విరాళాలు కాదు, సామాన్యులు రాసి ఇచ్చే పది లక్షల సూత్రాలు, వాటితో వచ్చే కానుకలు కావాలన్నారు. అలా వచ్చిన డబ్బుతో 1976లో మందిరం మళ్లీ లేచింది. ఇప్పటికీ వెళ్లినవాళ్లు ఎవరైనా కూర్చుని రాయొచ్చు.

లోపలికి వెళ్లే ముందు మెడలో ఒక పట్టీ వేశారు. చేతిలో ఒక లవంగం పెట్టి నోట్లో వేసుకోమన్నారు. నోరు శుద్ధి కావడానికట. గుమ్మం దగ్గర ఏనుగు ఆకారంలో ఉన్న ధూపపాత్రను దాటి వెళ్లాలి. అమ్మ నా వైపు చూసి, లవంగం బుగ్గన పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దాటింది.

బల్ల మీద సిరా కడ్డీ, రాయి, కుంచె ఉన్నాయి. కడ్డీని నీళ్లతో రాయి మీద అరగదీయాలి. సాన మీద గంధం తీసిన చేతులు కదా, అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కింద అచ్చు కాగితం, పైన పలచటి కాగితం. కనిపించే అక్షరం మీదే కుంచె నడపాలి. వరుసకు 17 అక్షరాలు, మొత్తం దాదాపు 260. అది ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం. ఎక్కువగా వాడుకలో ఉన్న చైనా పాఠం హ్యూయాన్ త్సాంగ్ చేశాడని చెబుతారు. ఆ యాత్రికుడు మన ధాన్యకటకానికి వచ్చి, అక్కడ ఉండి చదువుకున్నవాడే. ఆయన అస్థిక కోసం ఇదే గుడిలో 1991లో ఒక మందిరం కట్టారు.

నాకు మొదటి వరుసకే మెడ పట్టేసింది. కుంచె నొక్కితే అక్షరం ఉబ్బిపోతోంది, ఎత్తితే తెగిపోతోంది. తప్పు పోతుందేమోనని టెన్షన్. అమ్మ మాత్రం ఒక్క వేగంతో, పెదవులు కదుపుతూ రాస్తోంది. ఆ అక్షరాలు చదవడం రాదు కాబట్టి ఆమె లోపల అనుకుంటున్నది రామనామమేనని నాకు తెలుసు. చివరి వరుస వచ్చాక చెవిలో చెప్పాను: "ఇక్కడ ఉన్నది సంస్కృతమే అమ్మా. అనువదించకుండా శబ్దాన్నే రాసుకున్నారు. వీళ్లు గ్యాతేయ్ గ్యాతేయ్ అంటారు. గతే గతే పారగతే." అమ్మ కుంచె ఆపి, ఆ అక్షరాలను ఒకసారి వేలితో తాకి, మళ్లీ రాసింది.

చివర కోరిక రాసే చోటు ఉంది. అమ్మ తెలుగులోనే రాసింది. ఏం రాసిందో నేను చూడలేదు. గంటంబావు పట్టింది. కాగితాన్ని కళ్లకద్దుకుని అప్పజెప్పింది, భద్రాచలంలో ఇచ్చినట్టే. ఆ సూత్రాలను గుడిలోనే భద్రపరుస్తారు.

బయటికొచ్చి గోషుయిన్‌చో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. సిరా తడి ఆరేదాకా అమ్మ పుస్తకం మూయనివ్వలేదు. "ఇది మాత్రం రాసి తెచ్చుకున్నదే" అంది. ఎదురుగా 730లో కట్టిన తూర్పు పగోడా మీద సాయంత్రపు ఎండ. ఆమె నోట్లో లవంగం ఇంకా ఉంది.