మడమ లేచిన రోజు

పరుగు అందుకున్న మూడో అడుగులో ఎవరో వెనుక నుంచి మడమ మీద కర్రతో కొట్టారనుకున్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. ‘టప్’మన్న ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

మొదట చూసిన డాక్టరు పాదం కిందికి వంచమన్నారు. కొద్దిగా వంగింది. “బెణికిందంతే. ఈ వయసులో పరుగులెందుకమ్మా?” అని కట్టు కట్టి పంపేశారు. ఆ మాటను ఇంకా క్షమించలేకపోతున్నాను. వేళ్లను వంచే కండరాలు వేరే ఉంటాయి, పిక్క కండను మడమ ఎముకకు కట్టే తాడులాంటి మడమ టెండన్ తెగినా అవి పాదాన్ని కాస్త కదిలిస్తాయి. బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే తెలిసిపోయేది. టెండన్ బాగుంటే పాదం దానంతటదే వంగుతుంది. మూడు వారాల తర్వాత రెండో డాక్టరు గారు నొక్కితే నా పాదం చలించలేదు. ఈలోగా తెగిన కొసలు దూరం జరిగిపోయాయి.

ఆపరేషన్ సాఫీగానే జరిగింది. పదకొండో రాత్రి మాత్రం కట్టు లోపల పిక్క బిగుసుకుపోయి, రాయిలా బరువెక్కింది. కదలని కాలి సిరల్లో రక్తం గడ్డకడితే అది ఊపిరితిత్తులకు చేరవచ్చని ముందే హెచ్చరించారు. మా ఆయన అర్ధరాత్రే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. దేవుణ్ణి నడక అడగలేదు, తెల్లవారితే చాలన్నాను. స్కానింగ్‌లో గడ్డ లేదన్నారు. నేను ఏడ్చాను.

తర్వాత నెలల తరబడి వ్యాయామం చేశాను. పిక్క నిండింది, ఒంటికాలి మీద మడమ మాత్రం లేవలేదు. నాలోనే లోపమనుకుని కుమిలిపోయాను. ఫిజియోథెరపిస్టు చెప్పాకే అర్థమైంది: “కండకు బలం ఉందండీ. దాన్ని ఎముకకు కట్టిన తాడే అతుక్కునేటప్పుడు పొడవైంది.” టెండన్ స్ప్రింగులా సాగి, దాచుకున్న శక్తిలో సుమారు 90 శాతం తిరిగి ఇస్తుంది. అందుకే నడకలో కండ పెద్దగా ముడుచుకోనక్కర్లేదు, నెమ్మదిగా ముడుచుకునే కండే గట్టిగా లాగగలదు. తాడు వదులైతే కండ ఎక్కువగా, వేగంగా ముడుచుకోవాలి. సగం శ్రమ ఆ వదులు తీయడానికే పోతుంది.

మీకిలా జరిగితే పిక్క నొక్కి చూడమని డాక్టరును అడగండి, మొహమాటపడకండి. టెండన్ అతికాక, చెప్పేవారు లేకుండా దాన్ని సాగదీయకండి. నాకు పనిచేసింది నెమ్మదిగా బరువు మోపడమే. పద్నాలుగో నెలలో మడమ లేచింది, రెండో కాలికన్నా రెండు వేళ్లు తక్కువగా. మా ఆయన వంగి ఆ తేడాను వేళ్లతో కొలిచారు.