పీహెచ్‌సీ నుంచి లోక్‌సభ నామినేషన్ దాకా

పల్లెలో పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరుగా ఉన్నప్పుడు, పాముకాటు ఇంజెక్షన్లు ఎన్ని మిగిలాయో లెక్క చూసుకోకుండా ఏ రాత్రీ పడుకోలేదు. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో మన రాష్ట్రానికి 60 శాతం ఇచ్చేది కేంద్రమే. అడగాల్సింది అక్కడే అనిపించింది. 2024లో ఇండిపెండెంటుగా లోక్‌సభకు నిలబడ్డాను.

ముందు ఉద్యోగం వదలాలి. రాజీనామా ఇస్తే సరిపోదు, ఆమోదించిన ఉత్తర్వు చేతికి రావాలి. అది వచ్చేదాకా నిద్ర లేదు.

అసలు పరీక్ష అఫిడవిట్, అంటే ఫారం 26. ఆస్తులు, అప్పులు, కేసులు, నా భార్య బంగారం ఎన్ని గ్రాములో కూడా రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలకూడదు. రాయడానికి ఏమీ లేకపోతే ‘లేదు’ అనో, ‘వర్తించదు’ అనో రాసి తీరాలి. నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి చెప్పినా నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చని 2013లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నేను మర్చిపోయింది క్వార్టర్స్ సంగతి! గత పదేళ్లలో ప్రభుత్వ వసతిలో ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, ఫోను బకాయిలు లేవని సర్టిఫికెట్లు కావాలి. నాలుగు రోజులు వాటికే తిరిగాను. మీలో ఎవరైనా నిలబడాలనుకుంటే ముందు ఈ పని చూసుకోండి.

పార్టీ లేనివాళ్లకి పదిమంది ప్రతిపాదకులు కావాలి. అందరికీ ఆ నియోజకవర్గంలోనే ఓటు ఉండాలి. నాకు సంతకాలు పెట్టినవాళ్లంతా నా పేషెంట్లే. వాళ్లలో ఒక పెద్దావిడకి చదువు రాదు. వేలిముద్ర రిటర్నింగ్ అధికారి ఎదుటే వేయాలన్నారు. అభ్యర్థి వెంట నలుగురినే లోపలికి పంపుతారు. ఆ నలుగురిలో ఆవిడ ఉండాల్సిందేనని తీసుకెళ్లాను.

ఏప్రిల్ 24న, మధ్యాహ్నం మూడు గంటల గడువుకి ఇంకా అరగంట ఉంది. నాకు టెన్షన్. ఆవిడ బొటనవేలు నాట్లు వేసి వేసి అరిగిపోయింది, మొదటిసారి ముద్ర అలికినట్టు పడింది. కొంగుతో వేలు తుడుచుకుని, “పింఛనుకి వేసే వేలే కదా బాబూ, నీకు పడదా!” అని మళ్లీ గట్టిగా అద్దింది. ఈసారి గీతలు కనిపించాయి.

25 వేల డిపాజిట్ కట్టి, రాజ్యాంగానికి విధేయుడినై ఉంటానని ప్రమాణం చదువుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

26న పరిశీలనలో నా పత్రం ఆమోదించారు. బయటికి రాగానే ఆవిడకి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అడిగింది: “నా వేలు చెల్లిందా డాక్టరు బాబూ?”