కంచు చేయి, 24 శాతం తగరం: నా అనుభవం

నిన్న సాయంత్రం ల్యాబ్ రిపోర్టు వచ్చింది. తగరం 6.8 శాతం, సీసం 5.1, జింకు లేనట్టే. ఏడాదిగా మోస్తున్న బరువు దిగింది.

నా పరిశోధనకు తీసుకున్నది ఒక పాత కంచు విగ్రహం కుడి చేయి. అభయముద్ర, మణికట్టు దగ్గర విరిగింది, 640 గ్రాములు. ఎప్పుడో చెరువు పూడిక తీస్తుంటే దొరికి మ్యూజియం స్టోరుకు చేరింది. అనుమతికి నాలుగు నెలలు పట్టింది. ఫొటోలు, తూకం, కొలతలు ఒక పూటలో అయిపోయాయి.

దెబ్బ తగిలింది ఎక్స్‌ఆర్ఎఫ్ దగ్గర. చేత్తో పట్టుకునే ఆ పరికరాన్ని వస్తువుకు ఆనించి ఒక నిమిషం ఉంచితే ఏ లోహం ఎంతుందో చూపిస్తుంది. అరచేతి మీద తగరం 24 శాతం వచ్చింది. ఒక వేలి మీద 19, ఇంకోచోట 27. సగటు తీసి, ఇది అధిక తగరపు కంచు అని పేపరు రాసి సెమినార్‌లో చదివాను. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచి అడిగారు: "అమ్మా, నువ్వు కొలిచింది కంచునా, చిలుమునా?"

హాలంతా నవ్వింది. నా దగ్గర జవాబు లేదు. "ఇవి గంటలకు వేసే పాళ్ళు. ఇంత తగరంతో పోసిన వేలి మీద ఉలి పెడితే పెళుసుగా ఊడొస్తుంది. గోళ్ళు ఉలితో దిద్దిన గుర్తులు నీ ఫొటోలోనే ఉన్నాయి కదా" అన్నారాయన. ప్రశ్న న్యాయమైనదే. కానీ అది టీ సమయంలో పక్కకు పిలిచి చెప్పొచ్చు. పిల్లల్ని నలుగురిలో నిలబెట్టి నేర్పేవాళ్ళంటే నాకు ఇప్పటికీ గౌరవం లేదు.

మట్టిలో వందల ఏళ్ళున్న కంచులోంచి రాగి కరిగి పోతుంది. తగరం ఆక్సైడుగా మారి అక్కడే మిగులుతుంది. పరికరం చూసేది ఆ పైపొరనే. సీసమైతే రాగిలో కలవకుండా బొట్లుబొట్లుగా ఉంటుంది, కాబట్టి చోటు మారితే అంకె మారుతుంది. ఇదంతా ఆ రాత్రి ఏడుస్తూ చదివాను.

ఇక లోపలి లోహమే కావాలి. విగ్రహానికి రంధ్రమా, పాపం కదా అన్నారు కమిటీలో ఒకరు. దక్షిణాది విగ్రహాల మీద పురాతన లోహాల పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ చేసిన పని కూడా ఇలాంటి చిన్న నమూనాలతోనే జరిగిందని చూపించాక ఒప్పుకున్నారు. మణికట్టు విరిగిన చోటే, 1 మిల్లీమీటరు డ్రిల్లుతో తీశాం. మొదట రాలిన పొడి పారేసి, మెరిసే రజను వచ్చాకే సీసాలో పట్టి ల్యాబుకు పంపాం. నిన్న వచ్చిన రిపోర్టు దానిదే.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళు అన్నిటికంటే ముందు అడగండి: దీన్ని ఎవరైనా తోమారా? ఈ చేతిని దొరికిన రోజే ఉప్పూ చింతపండూ వేసి తోమారట. ఆ ఉప్పు లోహాన్ని తినేస్తూ ఇప్పుడు వేళ్ళ సందుల్లో లేత ఆకుపచ్చ పొడి పొంగుతోంది. దయచేసి ఎవరూ తోమకండి. ప్రస్తుతం తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాను.

ఎక్స్‌రే సెంటర్లో తీసిన ఫిల్ములో చేయి తెల్లటి ముద్దలా వచ్చింది, కిరణాలు దాటలేదు. ఫ్యాక్టరీల్లో వెల్డింగు పరీక్షించే వాళ్ళు, ఇంకా లోతుకు దూసుకెళ్ళే గామా కిరణాలనిచ్చే ఇరిడియం-192తో తీసి ఇచ్చారు. చేయి గుల్లగా కాదు, ఘనంగా పోసింది. మణికట్టులో మాత్రం పోత పోసేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలు వరుసగా ఉన్నాయి, విరిగింది సరిగ్గా ఆ వరుసలోనే. స్టోరు రిజిస్టరులో "దుండగులు పగలగొట్టినది" అని రాసి ఉంది. ఆ ఎంట్రీ పక్కన ఈ ఫిల్ము కాపీ జతచేయమని ఈ ఉదయం ఉత్తరం ఇచ్చి వచ్చాను.