కుళ్లిన దుంప, కౌంటరు దగ్గర తగువు: లీడ్స్‌లో రూబార్బ్ పెంచిన నా అనుభవం

రూబార్బ్ అంటే పుల్లటి లావు కాడల కోసం పెంచే మొక్క. ఈ వారం మా పెరట్లోని రూబార్బ్ కాడలు మొదటిసారి లాగి పప్పు చేశాను. ఆ సంతోషంలో రాస్తున్నాను కానీ, తొలి దుంప కొన్న దుకాణం మీద కోపం ఇంకా చల్లారలేదు.

మేముండేది ఇంగ్లండులో, లీడ్స్‌కు దక్షిణాన. వేక్‌ఫీల్డ్, మోర్లీ, రాత్‌వెల్ ఊళ్ల మధ్య నేలను ఇక్కడ రూబార్బ్ త్రికోణం అంటారు. అక్కడి రైతులు దుంపలను రెండేళ్లు పొలంలో పెంచి, మంచు తగలనిచ్చి, తవ్వి చీకటి షెడ్లలోకి మారుస్తారు. కాడలు తీసేది కొవ్వొత్తి వెలుగులోనే. ఒక ఫిబ్రవరిలో అలాంటి షెడ్డు చూడటానికి వెళ్లాను. నిశ్శబ్దంగా నిలబడితే మొగ్గలు విచ్చుకుంటున్న చిటపట చెవికి తెలుస్తుంది. ఆ పంటకు 2010లో ఐరోపా సమాఖ్య ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. మన గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉన్నట్టే. మన చుక్కకూర, రూబార్బ్ ఒకే కుటుంబం మొక్కలని తెలిశాక, ఇది మా పెరట్లో ఉండాల్సిందే అనుకున్నాను.

మార్చిలో ఒక పెద్ద తోట సామాన్ల దుకాణానికి వెళ్లి ప్లాస్టిక్ సంచిలో ఉన్న దుంప తెచ్చాను. గొయ్యి తీసి, బాగా మాగిన గుర్రపు ఎరువు కలిపి, కన్ను, అంటే మొలక వచ్చే మొగ్గ, నేల మట్టానికి వచ్చేలా నాటాను. పక్కనే నాటిన ఉల్లి, బఠాణీ మొలిచాయి. ఇది మాత్రం కదల్లేదు. మే నెలలో తవ్వి చూస్తే దుంప లోపలంతా గోధుమరంగు గుజ్జు. వేలు పెడితే దిగిపోయింది. ఒకటే కుళ్లు వాసన.

శాశ్వత మొక్కలకు ఏడాది హామీ అని ఆ దుకాణం గోడ మీదే రాసి ఉంది. రసీదు, కాగితంలో చుట్టిన దుంప పట్టుకుని వెళ్లాను. కౌంటరు దగ్గరి మనిషి ఆ పొట్లం విప్పనైనా లేదు. నా వెనక వరుసలో జనం ఉండగా, "మీది ఏ దేశం?" అని అడిగాడు. చెప్పాను. "అదీ సంగతి. వేడి దేశాలవాళ్లు నీళ్లు ఎక్కువ పోసేస్తారు. ఇది మీకు అలవాటైన మొక్క కాదు" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. ఎరువు ఎంత వేశానో, కన్ను ఏ ఎత్తున పెట్టానో చెప్పబోతే, ఆ మాటల మధ్యలోనే తర్వాతి వారిని పిలిచాడు.

మా నాన్న మిర్చి రైతు. నారుమడిలో ఏ మొక్క బతుకుతుందో, ఏది కుళ్లుతుందో చూస్తూ పెరిగినదాన్ని. నీళ్లు పోయడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. అందుకే అక్కడి నుంచి కదలకుండా మేనేజరును పిలవమన్నాను. చాలాసేపటికి ఆయన వచ్చాడు. ఆయనదీ అదే పాట, కాకపోతే కాస్త మర్యాదగా. మొక్క చనిపోయినప్పటి ఫోటో కావాలన్నాడు. చచ్చిన దుంపే చేతిలో ఉంటే ఫోటో ఎందుకని అడిగాను. అది తమ దుకాణంలోదేనని నమ్మకం ఏమిటన్నాడు. రసీదు చూపిస్తే, అందులో రకం పేరు లేదన్నాడు.

చివరికి ఆయన్ను దుంపలు పెట్టిన అల్మరా దగ్గరికి తీసుకెళ్లాను. అది హీటరు గాలి సూటిగా తగిలే చోట ఉంది. మిగిలిన సంచుల్లో తెల్లగా, పాలిపోయి, వేలెడు పొడవు సాగిన మొలకలు. చలిలో నిద్రపోవాల్సిన దుంపను వెచ్చటి గదిలో తడి పొట్టులో పెడితే అలా నీరసపు మొలక వేసి, తర్వాత కుళ్లుతుంది. ఒక సంచిని పైనుంచి బొటనవేలితో నొక్కాను. దుంప మెత్తగా అణిగి, అడుగున గోధుమరంగు నీరు చేరింది. రెండోదీ అంతే. ఆయన ఏమీ మాట్లాడలేదు. డబ్బు ఇవ్వలేదు, క్షమాపణ చెప్పలేదు, ఒక కూపను చేతిలో పెట్టాడు. దాన్ని నేను వాడలేదు, వాడను కూడా. రూబార్బ్ త్రికోణానికి ఇంత దగ్గర దుకాణం పెట్టుకుని, ఆ పంటనే ఇలా చంపి అమ్మడం రైతుకే అవమానం. మనిషి యాస వినగానే అతనికి ఏం తెలుసో తేల్చేసేవాళ్లను కౌంటరులో కూర్చోబెట్టకూడదు.

మీరు కొనాల్సి వస్తే సంచిలోని దుంపను తప్పకుండా నొక్కి చూడండి. గట్టిగా, మొగ్గ ఎర్రగా, పొట్టిగా ఉండాలి. అంతకంటే మంచిది, ఎవరి పెరట్లోనైనా ముదురు గుబురు ఉంటే అడగడం.

నాకు పక్కింటి పెద్దాయన ఇచ్చారు. ఆయనది టింపర్లీ ఎర్లీ రకం. నవంబరులో ఆకులన్నీ ఎండిపోయాక గుబురును పారతో చీల్చి, కన్ను ఉన్న ముక్క ఒకటి నా చేతికిచ్చారు. మాది బంకమట్టి కాబట్టి నేల కాస్త ఎత్తు చేసి నాటించారు. చుట్టూ మీటరు జాగా వదిలాం. ఎరువు చుట్టూ వేయాలి, కన్ను మీద పోయకూడదు.

నిరుడు ఒక్క కాడ కూడా తీయనివ్వలేదు ఆయన. మొదటి ఏడాది ఆకులు దుంపకు బలం పోయాలి. పూల కాడ వస్తే మొదట్లోనే తీసేశాం. కాడను కత్తితో కోయకూడదు. అడుగున పట్టుకుని, కొంచెం తిప్పి లాగితే అడుగు భాగంతో సహా ఊడి వస్తుంది. మొదటిసారి ఊడినప్పుడు వచ్చిన ఆ చిన్న చప్పుడు నాకు భలే నచ్చింది. సగం కాడలు మొక్కకే వదిలేయాలి, జూన్ చివరికి ఆపేయాలి. కాడలు ముందుగా రావాలని మొక్క మీద బకెట్ బోర్లించి చీకటి చేసే పని ఇప్పుడే చేయను. చీకట్లో పెంచితే దుంప నీరసిస్తుంది. గుబురు బలపడ్డాక చూస్తాను.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆకులు తినకూడదు. చుక్కకూర చుట్టమే కదా అని పప్పులో వేయకండి, అది విషం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కూరగాయల కొరత తీరుతుందని ఇక్కడ ఆకులు తినమని ప్రచారం చేస్తే, తిన్నవాళ్లలో కొందరు చనిపోయారు. కాడల్లోనూ ఆక్సాలిక్ ఆమ్లం కొంత ఉంటుంది, కిడ్నీలో రాళ్లున్నవారు డాక్టరును అడగండి.

గుంటూరులో నాటతానని మా పిన్ని దుంప అడుగుతోంది. వద్దు పిన్నీ అన్నాను. దీనికి చలికాలంలో నిజమైన చలి తగలాలి, మన ఎండలకు ఆకులు వాడిపోతాయి. ఇక్కడికి వస్తే వండిపెడతాను.

పప్పు చేసేటప్పుడు కాడలను కందిపప్పుతో పాటు ఉడికించకండి. పులుపుకు పప్పు ఉడకదు. పప్పు మెత్తబడ్డాక కాడల ముక్కలు వేస్తే కాసేపట్లోనే కరిగిపోతాయి. చింతపండు అక్కర్లేదు. వెల్లుల్లి, ఎండుమిర్చి, ఇంగువ పోపు సరిపోతుంది. పెద్దాయనకు ఒక గిన్నె పంపాను. కారం ఎక్కువైందన్నారు, గిన్నె మాత్రం ఖాళీగానే తిరిగి వచ్చింది.