రెండు పార్టీల గడప తొక్కే పని

2019 మే 23 నాకు బాగా గుర్తుంది. మా కర్నూలు జిల్లాలో 14కి 14 సీట్లు వైఎస్సార్‌సీపీకి పోయినాయి, పక్కన కడపలో 10కి 10, రాష్ట్రం మొత్తం మీద 151. అప్పటికి ఐదేళ్ళుగా నేను కంపెనీల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే పని చేస్తా ఉన్నాను, ఆ ఐదేళ్ళలో నాకు తెలిసినోళ్ళంతా ఒక్క పార్టీ వాళ్ళే. ఎవరి పేషీలో ఏ పీఏ ఉంటాడు, ఎవరికి పొద్దున్నే చేస్తే ఫోన్ ఎత్తుతారు, ఇదే నా చదువు అనుకున్నాను. జూన్ అయిపోయేసరికి ఇద్దరు క్లయింట్లు వేరేవాళ్ళ దగ్గరికి పోయినారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళు నాకు రిటైనర్ (నెలనెలా ఇచ్చే ఫీజు) కట్టింది నా పరిచయాలకి, ఆ పరిచయాలకి ఆ రోజుతో పని లేకుండా పోయింది.

2024 జూన్ 4న లెక్క మొత్తం తిరగబడి 151 ఉన్న పార్టీకి 11 వచ్చినాయి. ఈసారి నన్ను వదిలిపోయిన క్లయింట్ ఒక్కరు కూడా లేరు. ఈ మధ్య రాయలసీమ యూనివర్సిటీ పిల్లలు, అనంతపురం జేఎన్టీయూ పిల్లలు కొందరు ఈ లైన్లోకి రావాలంటే ఏం చేయాలన్నా అని అడుగుతున్నారు, వాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఈ రెండు తారీఖుల మధ్యలో నేను ఏం మార్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. మా నాయన ఇప్పటికీ దీన్ని పైరవీ అనే అంటాడు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది, కానీ ఆయన అనడానికి కారణం ఉంది. మన దేశంలో లాబీయింగ్, అంటే ఇట్ల ఒకరి తరఫున ప్రభుత్వంతో మాట్లాడే పని, చేసేవాళ్ళకంటూ ఒక చట్టం లేదు, 2013లో లోక్‌సభలో మంత్రి కాని ఎంపీ ఒకాయన సొంతంగా ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టినాడు గానీ అది చట్టం కాలేదు. వాషింగ్టన్ దగ్గర ఉండే మా చిన్నమ్మ కొడుకు చెప్తా ఉంటాడు, అక్కడ 1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు రిజిస్టర్ చేసుకోవాలి, ఎవరి తరఫున ఏ విషయం మీద పని చేస్తున్నామో మూడు నెలలకోసారి రిపోర్ట్ ఇవ్వాలి, సెనేటర్‌గా చేసి దిగినాయన రెండేళ్ళు, ప్రతినిధుల సభలో చేసినాయన ఒక ఏడాది కాంగ్రెస్‌లో లాబీయింగ్ చేయకూడదు. ఒకే ఆఫీసులో ఒక రిపబ్లికన్ ఒక డెమొక్రాట్ పార్ట్‌నర్లుగా కూర్చునే కన్సల్టింగ్ కంపెనీలు అక్కడ మామూలంట. మనకి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మన హద్దు మనమే గీసుకోవాలి. అట్లని చట్టం అసలే లేదనుకోవద్దు, 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని మార్చినారు, లంచం ఇచ్చినోళ్ళకి కూడా ఏడేళ్ళ దాకా జైలు, కంపెనీ మీద కూడా కేసు. 7ఏ అని ఒక సెక్షన్ ఉంది, పలుకుబడితో అధికారి చేత తప్పు పని చేయిస్తానని డబ్బు తీసుకుంటే మధ్యలో ఉన్నోడికి 3 నుంచి 7 ఏళ్ళు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఫస్ట్ చదవాల్సింది ఆ సెక్షన్. నేనైతే పని అయితేనే ఇచ్చే సక్సెస్ ఫీజు తీసుకోను, నెలకి ఇంత అని రిటైనర్ మాత్రమే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పని అయితేనే డబ్బులు అనే ఒప్పందం నిషేధం అని తెలిసినాక నాకు ఇంకా గట్టి నమ్మకం కుదిరింది.

ఇంక అసలు సంగతి. 2019 జులైలో కొత్త ప్రభుత్వం జీవో 63 ఇచ్చి సోలార్, విండ్ కరెంటు కొనుగోలు ఒప్పందాల మీద మళ్ళీ బేరం ఆడటానికి కమిటీ వేసింది. అనంతపురం వైపు గాలిమరలున్న ఒక చిన్న కంపెనీ వాళ్ళు నా దగ్గరికి వచ్చి, కొత్త ప్రభుత్వానికి మనం వేరే విధంగా చెప్పాలి, పాత ప్రభుత్వం వాళ్ళే రేటు ఎక్కువ పెట్టినారు మా తప్పేం లేదు అని రాసివ్వు అన్నారు. అట్ల రాయనని చెప్పినాను, ఎందుకంటే అంతకు ముందు ఏడాదే ఆ రేటు న్యాయమైనదని పాత ప్రభుత్వానికి ఇచ్చిన కాగితం మీద కూడా వాళ్ళ సంతకమే ఉంది. చివరికి నాలుగు పేజీల నోట్ ఒకటి తయారు చేసినాము. 2015లో మన గని, శకునాల ఊర్ల దగ్గరి సోలార్ పార్క్ వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలకి వచ్చినప్పుడు దేశంలో అదే తక్కువ రేటు, రెండేళ్ళు తిరగకముందే రాజస్థాన్‌లో 2.44కి పడిపోయింది, మిషన్ల ధర పడిపోతే పాత రేటు ఎక్కువగానే కనపడుతుంది, కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌కి భారం నిజమే, కానీ బ్యాంకు అప్పు ఇచ్చింది పాత రేటుని చూసి. రెండు వైపుల నిజాలూ అందులో పెట్టినాము, అదే నోట్ ప్రభుత్వానికీ ఇచ్చినాము, అపోజిషన్ వాళ్ళకీ ఇచ్చినాము. ఆ నోట్ వల్ల రేటు గొడవ తేలిపోలేదు, అది కోర్టులో తేలాల్సిందే. హైకోర్టు మొదట సోలార్‌కి 2.44, విండ్‌కి 2.43 లెక్కన ఇవ్వమంది, 2022 మార్చిలో అదే కోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జిల బెంచ్) ఒప్పందంలో ఉన్న రేటే ఆరు వారాల్లో కట్టమని చెప్పింది. ఆ మూడేళ్ళూ మా క్లయింట్ ఎంత నలిగిపోయినాడో నేను చూసినాను. కానీ ఆ మూడేళ్ళూ డిపార్ట్‌మెంట్‌లో ఏ సెక్షన్‌కి పోయినా కూర్చోమన్నారు, వీళ్ళ లెక్క మారదు అనే పేరు అక్కడ మొదలైంది.

మన సీమలో ఇంకో కష్టం ఉంది. ఒకరి ఇంటికి పోయినోడు ఇంకొకరి గడప తొక్కకూడదు అనేది ఇక్కడ చిన్న విషయం కాదు, దాని వెనక ఊర్ల చరిత్ర ఉంది, పోయిన ప్రాణాలు ఉన్నాయి. అందుకే నేను దాచను. ఒకసారి అధికారంలో ఉన్న నాయకుడు ఒకాయన ముఖం మీదనే అడిగినాడు, "నిన్న వాళ్ళింటికి పోయినావంట గదా అప్పా?"

"పోయినాను అన్నా. ఇదే కాగితం ఇచ్చినాను, ఒక్క లైన్ కూడా తేడా లేదు, చూడండి."

ఆయన నిజంగానే చూసినాడు, అద్దాలు పెట్టుకుని మొత్తం చదివినాడు. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ రాలేదు.

ఓడిపోయిన వాళ్ళ దగ్గరికి పోవడం నేను మొదట్లో మర్యాద కోసమే మొదలుపెట్టినాను. అది మర్యాదకి మించిన పని అని నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల ఫైల్‌తో తెలిసింది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు తిరిగినోళ్ళకి తెలుసు, బండలు పాలిష్ పడితే వచ్చే తెల్ల బురద ఎండి బూడిదై రోడ్ల పక్కన గుట్టలు గుట్టలుగా ఉంటుంది, గాలి తోలితే పొలాల మీద పడుతుంది. మా వైపు కొందరు ఓనర్లు కలిసి ఆ బురద వేయడానికి ప్రభుత్వ భూమి ఒకటి అడుగుదామని నన్ను పెట్టుకున్నారు, స్థలం కూడా వాళ్ళే చూసినారు. వినతిపత్రం రాసి, పేషీకి పోయే ముందు, అప్పుడే ఓడిపోయి ఇంట్లో ఉన్న ఒక నాయకుడి దగ్గరికి తీసుకుపోయినాను. వాకిట్లో ఇంతకు ముందు చెప్పులు విడవడానికి చోటు ఉండేది కాదు, ఆ రోజు ఇద్దరు ముసలోళ్ళు తప్ప ఎవరూ లేరు.

"ఇప్పుడు నా దగ్గర ఏముందని వచ్చినావప్పా?" అన్నాడు.

"చదివి తప్పులు చెప్పండి అన్నా" అన్నాను.

రెండు గంటలు కూర్చున్నాడు ఆ మనిషి. పదవిలో ఉన్నప్పుడు ఆయన నాకు పది నిమిషాలు కూడా ఇవ్వలేకపోయినాడు. స్థలం పేరు చూసి ఒకటే అడిగినాడు, వానొస్తే ఈ బూడిద యాడికి పోతాది? నా దగ్గర జవాబు లేదు. ఆ స్థలం కింద వంక ఉంది, వంక కింద చిన్న చెరువు ఉంది, ఆ చెరువు కింద ముప్పై నలభై మంది రైతులు ఉన్నారు, ఈ సంగతి ఆయనకి ఎలక్షన్ తిరుగుళ్ళలో తెలుసు, మా ఓనర్లకి పట్టలేదు, నేను అడగలేదు. ఆ కాగితం అట్లనే పోయి ఉంటే ఆరు నెలల్లో రైతులు రోడ్డు మీద కూర్చునేవాళ్ళు, వాళ్ళదే న్యాయం అయ్యేది. అప్పటి నుంచి ఏ డ్రాఫ్ట్ అయినా ముందు అధికారంలో లేని వాళ్ళకి చూపిస్తాను, ఓట్లు ఎక్కడ పోతాయో వాళ్ళకి లెక్క తెలుసు, చదవడానికి టైమ్ ఉంటుంది, మొహమాటం ఉండదు.

మిగతావి చిన్నవే గానీ చెప్తాను. ఎవరి ఫోటోతోనూ ఫ్లెక్సీ వేయించను, స్టేటస్ పెట్టను. మా బావమరిది ఒక పార్టీలో మండలంలో తిరుగుతాడు, ఆ సంగతి ప్రతి కొత్త క్లయింట్‌కీ మొదటి రోజే చెప్తాను. కలెక్టర్లు రెండేళ్ళకి మారిపోతారు, సెక్షన్లో ఫైల్ చూసే అసిస్టెంట్లు మాత్రం మూడు ప్రభుత్వాలు చూసి ఉంటారు, వాళ్ళతో గౌరవంగా ఉండండి, వాళ్ళు "ఇది పాత జీవోకి అడ్డం వస్తుంది" అంటే వెంటనే ఆ జీవో తీసి చదవండి. పెనుకొండ దగ్గర కియా ఒప్పందం 2017లో చంద్రబాబు ఉన్నప్పుడు అయింది, 2019 డిసెంబర్‌లో ప్లాంట్ ప్రారంభం చేసింది జగన్. మన జిల్లాల్లో పెద్ద పనులన్నీ అంతే, ఒకరి కాలంలో మొదలై ఇంకొకరి కాలంలో పూర్తవుతాయి, కాబట్టి రేపు వచ్చేవాళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు ఫైల్ రాయాలి.

ఆ బురద యార్డు ఇంకా రాలేదు. కొత్త స్థలం చూసినాము, వంకకి దూరంగా, ఈసారి చెరువు కింద రైతుల్లో ఇద్దరిని కూడా తీసుకుపోయి చూపించినాము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ ఫైల్ కర్నూలు నుంచి నంద్యాలకి పోయింది, అందులో సర్వే స్కెచ్ ఒకటి దొరకడం లేదంట. సోమవారం పొద్దున బస్సుకి నంద్యాల పోతున్నాను, ఆ ఇద్దరు రైతులు కూడా వస్తామన్నారు.