వైవాకీ ఉద్యోగానికీ నడుమ కేదారం

పీజీ అయిపోయి ఉద్యోగంలో చేరేలోగా నెలో రెండు నెలలో ఖాళీ దొరుకుతుంది. ఎం.టెక్ పూర్తయ్యాక ఆ ఖాళీలోనే నేను కేదారనాథ్ దారి పట్టాను. ఆ రోజులకి ఇంతకు మించిన యాత్ర లేదని ఇప్పటికీ నమ్ముతాను. ఎందుకంటే ఈ యాత్రకి డబ్బు కంటే, కాళ్ల సత్తువ కంటే ముందు కావాల్సింది చేతిలో అదనపు రోజులు. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసేస్తారు, వాన ముదిరితే నడక ఆపేస్తారు. అప్పుడు ఒకటి రెండు రోజులు ఆగగలిగినవాళ్లకే దర్శనం. సెలవు లెక్కపెట్టుకుని వచ్చినవాళ్లు కొండ కింద బండ్లు ఆగే సోన్‌ప్రయాగ దాకా వచ్చి వెనక్కి తిరగాల్సి వస్తుంది. ఉద్యోగంలో పడ్డాక వరుసగా పన్నెండు రోజుల సెలవంటే మాటలు కాదు. కాబట్టి ఇప్పుడు దొరికిన రోజులని నాలుగు ధామాలతో కిక్కిరిసేలా నింపకండి. కేదారం, బదరి చాలు. పన్నెండు రోజులు వేసుకుంటే అందులో రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయండి.

చిక్కంతా కాలంతోనే. మన దగ్గర వైవాలు, అంటే చివరి మౌఖిక పరీక్షలు, మే, జూన్‌లలో అవుతాయి, చేరమనేది జులైలోనో ఆగస్టులోనో. కేదారం తలుపులు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో తెరుస్తారు. ఆ తేదీని మహాశివరాత్రి నాడు ఊఖీమఠ్‌లోని ఓంకారేశ్వరాలయంలో ప్రకటిస్తారు. మూసేది దీపావళి వెళ్లాక, భగినీ హస్త భోజనం నాడు. జూన్ మూడో వారం దాటితే వానలు మొదలైనట్టే. 2013లో నడకదారిలోని రాంబాడా ఊరినే తుడిచిపెట్టిన వరద జూన్ 16, 17 తేదీల్లో వచ్చింది. 2024 జులై 31 రాత్రి కురిసిన కుంభవృష్టికి నడకదారి చాలాచోట్ల కొట్టుకుపోయింది. అందుకే వైవా మేలో అయిపోతే జూన్ 10 లోపు వెళ్లి వచ్చేయండి. జూన్ చివరికి జారితే జులైలో సాహసం వద్దు. చేరే తేదీ అక్టోబరైతే సెప్టెంబరు రెండో సగంలో వెళ్లండి. అప్పుడు ఆకాశం తేటగా ఉంటుంది, జనం పలచబడతారు.

బయల్దేరేముందు కాగితాల పని తెమల్చుకోవాలి. నో డ్యూస్ సంతకాలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు చేతికి రాకుండా హాస్టల్ ఖాళీ చేయొద్దు. చేరబోయే కంపెనీ తరఫున వివరాలు సరిచూసేవాళ్లు ఫలానా కాగితం రెండు మూడు రోజుల్లో పంపమని మెయిల్ పెడతారు. అది మీరు సిగ్నల్ లేని చోట ఉన్నప్పుడే వస్తుంది. అన్నీ స్కాన్ చేసి, ఇంట్లో ఒకరికి ఆ ఫోల్డరు ఇచ్చి, హెచ్.ఆర్.కి ఫలానా తేదీల్లో అందుబాటులో ఉండనని ముందే రాయండి. పదో తరగతి మెమోలో పేరుకీ ఆధార్‌లో పేరుకీ తేడా ఉంటే ఆ సవరణ యాత్రకి ముందే మొదలుపెట్టండి.

ఇక టికెట్లు. మొదట ఉత్తరాఖండ్ ప్రభుత్వ చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ చేసుకుని, తేదీ ఖాయమయ్యాకే రైలు సంగతి చూడాలి. రిజిస్ట్రేషన్ ఉచితం. క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం ఇస్తారు, అది దారిలో అడుగుతారు. మే నెల తేదీలు తొందరగా నిండిపోతాయి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి రెండూ జత కుదర్చడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీకి చేరుస్తాయి. అక్కణ్ణుంచి హరిద్వార్‌కి రైళ్లూ బస్సులూ బోలెడు. రిషికేశ్‌లో టి.టి.డి. వారి ఆంధ్రాశ్రమం ఉంది, గది కోసం ముందే కనుక్కోండి. హెలికాప్టరు మాత్రం పాతికేళ్లవాళ్లకి వద్దనే చెబుతాను. డబ్బు సంగతి పక్కన పెట్టినా, కొన్ని నిమిషాల్లో 3,583 మీటర్ల ఎత్తులో దిగితే ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు. పెద్దవాళ్ల కోసం తీసుకోవాల్సి వస్తే ఐ.ఆర్.సి.టి.సి. హెలీయాత్ర సైటులోనే కొనాలి. దాని పేరుతో దొంగ సైట్లు చాలా ఉన్నాయి.

రెండేళ్లు ల్యాబ్‌లో కూర్చున్న ఒళ్లు ఒక్కసారిగా కొండెక్కదు. మనవాళ్లకి మంచి పరీక్ష అలిపిరి. వీపున ఆరు కిలోల సంచితో ఆ 3,550 మెట్లూ ఎక్కండి. మర్నాడు మోకాళ్లు పట్టేయకపోతే కేదారం నడవగలరు. పట్టేస్తే ఇంకో నెల రోజూ మెట్లు ఎక్కి దిగాలి, దిగడం మరీ ముఖ్యం. బూట్లు కనీసం మూడు వారాలు వాడినవై ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే రెండు రోజులైనా ఆరదు. పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు మొదటి గాలికే చిరుగుతుంది, మందపాటి పోంచో కొనండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుంది కాబట్టి ఫోను లోపలి జేబులో పెట్టుకోవాలి. పైన యూపీఐని నమ్ముకోవద్దు, నోట్లు దగ్గరుంచుకోండి.

రిషికేశ్ నుంచి బస్సులూ షేర్ జీపులూ తెల్లవారుజామునే కదులుతాయి. దేవప్రయాగ, శ్రీనగర్, రుద్రప్రయాగ, గుప్తకాశీ మీదుగా సోన్‌ప్రయాగకి ఒక పగలంతా పడుతుంది. శ్రీనగర్ దాటాక సిరోబగడ్ దగ్గర చరియలు విరిగితే గంటలు గంటలు ఆగిపోవడమే. సొంత బండి అయినా సోన్‌ప్రయాగలో ఆపాలి. అక్కణ్ణుంచి గౌరీకుండ్‌కి ఐదు కిలోమీటర్లు షేర్ జీపులో వెళ్లాలి. పొద్దెక్కితే జీపు క్యూలోనే రెండు మూడు గంటలు పోతాయి, మధ్యాహ్నం దాటితే పైకి వదలరు. ముందురోజు రాత్రి గౌరీకుండ్‌లోనే పడుకుని అయిదింటికల్లా నడక మొదలుపెట్టడం అన్నిటికంటే మేలు. పెద్ద సామాను కిందే లాడ్జిలో వదిలేయండి.

నడక 16 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 1,600 మీటర్లు. జంగల్ చట్టీ నాలుగు కిలోమీటర్లు, భీంబలీ ఇంకో మూడు. ఇక్కడిదాకా ఉషారుగానే ఉంటుంది, చాలామంది ఇక్కడే వేగంగా నడిచి అలిసిపోతారు. రాంబాడా దగ్గర వంతెన మీద మందాకిని దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. పాతదారి వరదలో పోయింది కాబట్టి కొత్తదారిని అవతలి గట్టున తీశారు. లించోలీ దాకా మలుపు మీద మలుపు, నిట్టనిలువుగా ఉంటుంది. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగే వేగమే సరైన వేగం. రాతిపరుపు మీద వాననీళ్లు, కంచరగాడిదల పేడ కలిసి జారుడుగా ఉంటుంది. కొనకి ఇనుప ములుకు ఉన్న కర్ర గౌరీకుండ్‌లోనే కొనుక్కోండి. గుర్రాలు వస్తున్నప్పుడు ఎప్పుడూ కొండవైపే ఒదిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే వాటి మీది మూట తగిలినా చాలు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

గుడి దగ్గర గాలిలో ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే అందుతుంది. కర్పూరం వాసన చూస్తే ఊపిరి ఆడుతుందని మనవాళ్లు పొట్లాలు పట్టుకెళ్తారు. ముక్కుకి చల్లగా అనిపించడమే తప్ప ఆక్సిజన్ ఏమీ పెరగదు. చిన్న ఆక్సిజన్ డబ్బా కాసేపట్లో అయిపోతుంది. తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మామూలే. నీళ్లు బాగా తాగి విశ్రాంతి తీసుకోవాలి. మనిషి తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా సాయం పిలిచి కిందికి దింపాల్సిందే. ఎత్తుకి వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర అందరికీ పడదు, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ జాగ్రత్త. హాస్టల్ ఖాళీ చేసేలోపే క్యాంపస్ డాక్టరుని అడగండి.

రాత్రి పైనే ఉండండి. ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి గుడారాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. మేలో కూడా రాత్రి చలి సున్నా దగ్గరికి దిగుతుంది. సాయంత్రం అలంకార దర్శనం, బయటినుంచే. తెల్లవారుజామున లైనులో నిలబడితే, రద్దీ అనుమతిస్తే గర్భగుడిలోకి వెళ్లొచ్చు. అక్కడ లింగమంటే మనకి అలవాటైన నున్నటి రూపం కాదు, నేలలోంచి మూడు పలకలుగా లేచిన బండ. దానికి స్వయంగా నెయ్యి పూయనిస్తారు. చల్లటి బండ మీద నెయ్యి గడ్డకట్టి వేళ్లకి గరుకుగా తగులుతుంది. ఆ స్పర్శ కోసమే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది నాకు. ఇక్కడి రావల్, అంటే ప్రధాన అర్చకులు, వీరశైవ సంప్రదాయం వారు. వీరశైవుల పంచపీఠాల్లో కేదారం ఒకటైతే మన శ్రీశైలం ఇంకొకటి. గుడి వెనక, 2013లో వరదని రెండుగా చీల్చిన భీమశిలనీ, ఆదిశంకరుల సమాధినీ చూసి దిగండి.

దిగుడు నాలుగైదు గంటలే కానీ దెబ్బలన్నీ అప్పుడే. కాలిగోళ్లు ముందే కత్తిరించుకోకపోతే బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి. బూటు లేసులు చీలమండ దగ్గర గట్టిగా బిగించాలి. ఆ మర్నాడు ప్రయాణం పెట్టుకోకుండా గుప్తకాశీలో ఆగండి, రెండు ఖాళీ రోజుల్లో మొదటిది ఇదే. అక్కణ్ణుంచి ఊఖీమఠ్, చోప్తా, చమోలీ మీదుగా బదరికి దారి దగ్గర. గుడి దాకా రోడ్డుంది కాబట్టి కష్టం లేదు, అక్కడి వేడినీటి గుండం తప్తకుండంలో స్నానంతో ఒళ్లునొప్పులు సగం పోతాయి.

రెండో ఖాళీ రోజు రిషికేశ్‌లో వాడుకోండి, దాని తర్వాతి తేదీకే ఢిల్లీ రైలు తీసుకోండి. చేరే తేదీకి కనీసం అయిదు రోజుల ముందు ఇంట్లో ఉండాలి. చాలా కంపెనీలు చేరేముందు వైద్య పరీక్ష అడుగుతాయి, కొండమీది జలుబూ దగ్గూ అప్పటికి తగ్గాలి.